రోహిణి కార్తెలో రోహిణి ఎక్కడ?

1980 ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నం నాటి ఆంధ్రప్రదేశ్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగిపోయింది. హైదరాబాదుకు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో ఖగోళ శాస్త్రజ్ఞులు పరికరాలు అమర్చుకొని ఆ కొద్ది నిమిషాల కోసం ఎదురు చూశారు. అక్కడికి అంత దూరమేమీ లేని మా ఊళ్లో, పదేళ్ల పిల్లవాడినైన నేను తలుపులు బిగించిన గదిలో, కిటికీ సందులకు సైతం గోనెపట్టాలు కట్టిన చీకటిలో కూర్చుని ఉన్నాను. బయట కాకులు గూళ్లకు చేరుతున్న సందడి మాత్రం విన్నాను. పెద్దలను తప్పు పట్టను. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పోతాయన్న వారి భయంలో నిజమున్నది. కాని ఒక అట్టముక్కకు సూదితో చిల్లు పొడిచి, ఆ చిల్లు గుండా నేల మీద పడే సూర్యబింబాన్ని చూపవచ్చునని వారికి చెప్పిన వారెవరూ లేకపోయారు. ఆ తరువాత వచ్చిన గ్రహణాలకు నాకు ఒకసారి ఉద్యోగమూ, ఒకసారి వానమబ్బూ అడ్డు వచ్చాయి. ఇక మన దేశపు నేల మీద 2034 మార్చి 20 వరకు సంపూర్ణ సూర్యగ్రహణం లేదు. అదీ కార్గిల్ ప్రాంతంలో.

ఈ లోటు మనసులో ఉండబట్టే, మూడేళ్ల క్రితం మన టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బులో కాలేజీ పిల్లలకు శనివారం సాయంత్రాలు ఖగోళ పరిచయ తరగతులు పెడదామన్నప్పుడు నేను ముందుకు వచ్చాను. సైన్సు చదివే పిల్లలకు ఎంట్రన్సు కోచింగులు ఉండటం వల్ల వారెవరూ రాలేదు. వచ్చిన ముప్ఫై నలుగురూ సి.ఇ.సి., హెచ్.ఇ.సి., బి.కాం., బి.ఏ. విద్యార్థులే.

మొదటి రోజు నేను చేసిన నిర్వాకం దాచుకోదగినదే అయినా చెప్పక తప్పదు. ఇరవై ఎనిమిది స్లయిడ్లు తయారు చేసుకొని వెళ్లాను. కెప్లర్ మూడు సూత్రాలు, దీర్ఘవృత్తం సమీకరణం, నక్షత్రాల ఉష్ణోగ్రతకు వర్ణపటానికి ఉన్న సంబంధం అన్నీ గంటన్నరలో చెప్పేశాను. మరుసటి శనివారం వచ్చినవారు తొమ్మిది మంది. వారిలో బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి, తండ్రి మన ప్లాంటులో క్రేన్ ఆపరేటరు, లేచి నిలబడి అన్నది: "సార్, మాకు సైన్సు రాదని పదో తరగతి మార్కులే చెప్పాయి. మీరు కూడా చెప్పడానికే పిలిచారా?"

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎన్నో డిజైన్ రివ్యూలలో మాటలు పడ్డవాణ్ణి. ఇంత సూటి మాట పడలేదు. స్లయిడ్లు పక్కన పెట్టి, ఏమి అడగాలో తోచక, "మీ ఇళ్లలో కార్తెల గురించి మాట్లాడుకోవడం విన్నారా?" అని అడిగాను. గది ఒక్కసారిగా మారిపోయింది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని ఒకరు, మృగశిర నాడు చేప తినాలని ఇంకొకరు, తమ తాతగారు ఏ కార్తెలో ఏ విత్తనం వేసేవారో మరొకరు చెప్పసాగారు. "సరే, రోహిణి అంటే ఒక నక్షత్రం కదా. రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం ఆకాశంలో ఎక్కడ ఉంటుంది?" అన్నాను. ఎవరికీ తెలియదు. ఇంతవరకు నాకు ఆ ప్రశ్న తట్టలేదని అప్పుడే నాకూ తెలిసింది.

మా అసలు తరగతి అక్కడ మొదలైంది. వారం తిరిగేసరికి ఆ తొమ్మిది మందే మిగతావారిని వెంటబెట్టుకొని వచ్చారు. బ్యాడ్మింటన్ కోర్టు మధ్యన ఒక స్టూలు మీద బల్బు పెట్టాము. అది సూర్యుడు. ఇరవై ఏడుగురు పిల్లలు అశ్విని మొదలు రేవతి దాకా తలా ఒక పేరు రాసిన అట్ట పట్టుకొని కోర్టు చుట్టూ వలయంగా నిలబడ్డారు. ఇంకొకరు భూమి అయ్యి, దీపానికీ వలయానికీ మధ్యన నెమ్మదిగా దీపం చుట్టూ నడవాలి. నేను అడిగేది ఒక్కటే: "ఇప్పుడు దీపానికి అవతల ఎవరున్నారు?" భూమి నడుస్తున్న కొద్దీ దీపం వెనుక అశ్విని పోయి భరణి, భరణి పోయి కృత్తిక, ఆ తరువాత రోహిణి వచ్చాయి. "రోహిణి అట్ట మీద అక్షరాలు చదువు" అన్నాను. "లైటు కళ్లలో పడుతోంది సార్, కనిపించడం లేదు" అన్నాడు భూమి వేషం వేసిన కుర్రవాడు. అంతే, జవాబు అతని నోటి నుంచే వచ్చింది. సూర్యుడు రోహిణి దిక్కున ఉన్న రోజులే రోహిణి కార్తె. ఆ నక్షత్రం పగటిపూట సూర్యునితో పాటే పైకి వచ్చి, సూర్యునితోనే అస్తమిస్తుంది. మే 25 ప్రాంతం నుంచి జూన్ మొదటి వారం దాటే వరకు అది మనకు కనిపించదు.

"ఇప్పుడు దీపానికి వీపు పెట్టి నిలబడు. అది అర్ధరాత్రి" అన్నాను. అతని ఎదుట జ్యేష్ఠ ఉన్నది. అదే ఎర్రని చుక్క మే, జూన్ నెలల అర్ధరాత్రి దక్షిణాన మెరుస్తుంది. సంవత్సరంలోని 365 రోజులను 27తో భాగించి, ఒక్కో కార్తెకు సుమారు పదమూడున్నర రోజులు వస్తాయని పిల్లలే లెక్క కట్టారు. మరొకరిని చంద్రుణ్ణి చేసి భూమి చుట్టూ తిప్పాము. పున్నమి నాడు చంద్రుడు భూమికి అవతల, దీపానికి ఎదురు దిక్కున ఉండాలి. ఆ దిక్కున ఏ అట్ట ఉంటే దాని పేరే నెల పేరు. కృత్తిక దగ్గర పున్నమి వస్తే కార్తికం, మృగశిర దగ్గరైతే మార్గశిరం, చిత్త దగ్గరైతే చైత్రం. చిన్నప్పుడు బట్టీ పట్టిన పన్నెండు పేర్లు ఆకాశంలోని దిక్కులని తెలిసి వారు పొందిన ఆశ్చర్యాన్ని నేను వర్ణించలేను.

చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27.3 రోజులు పడుతుంది. పున్నమికీ పున్నమికీ మధ్య మాత్రం 29.5 రోజులు. ఈ రెండు రోజుల పైచిలుకు తేడా సైన్సు పట్టభద్రులను కూడా తికమక పెట్టడం నేను చూశాను. గోడ గడియారం దించి చూపించాను. పన్నెండు గంటలకు రెండు ముళ్లూ కలిసి ఉంటాయి. పెద్ద ముల్లు గంటలో చుట్టు పూర్తి చేసి పన్నెండుకు వస్తుంది, కాని ఈలోగా చిన్న ముల్లు ఒకటికి జరిగింది. దాన్ని అందుకోవాలంటే ఇంకో అయిదు నిమిషాల పైన నడవాలి. చంద్రునిది పెద్ద ముల్లు పని, సూర్యునిది చిన్న ముల్లు పని. ఫార్ములా అవసరం రాలేదు.

నవంబరు, డిసెంబరు సాయంత్రాలు క్లబ్బు మేడ మీద గడిచాయి. గంటసేపు మైదానం దీపాలు ఆర్పడానికి అనుమతి దొరికింది. ప్లాంటు వెలుగు పడమటి దిక్కును కొంత మింగినా, తూర్పున రోహిణి, దాని పైన కృత్తికలు చక్కగా కనిపించాయి. ఒక విద్యార్థి తన నాయనమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోసుకొచ్చాడు. ఆమె కృత్తికలను "పిల్లలకోడి" అన్నది, మృగశిర దగ్గరి మూడు చుక్కలను "గొల్లకావడి" అన్నది. గొల్లకావడి నడినెత్తికి వస్తే ఎంత రాత్రి అయినట్లో నెలను బట్టి చెప్పగలిగింది. ఆ రాత్రి ఉపాధ్యాయురాలు ఆమెయే, నేను కాదు.

కాంతి సంవత్సరం గురించి చెబుతున్నప్పుడు ఒక కామర్స్ విద్యార్థి నాకొక పాఠం చెప్పాడు. సూర్యకాంతి మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పడుతుందనీ, ఆకాశంలో ఏది చూసినా పాతదే చూస్తామనీ నేను వివరిస్తుండగా, "అంటే సార్, ఇది బ్యాలెన్స్ షీటు. మార్చి 31 నాటి లెక్క జూలైలో చేతికి వస్తుంది. ఈలోగా కంపెనీ ఉందో లేదో అందులో ఉండదు" అన్నాడు. ఇంతకు మించిన ఉపమానం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అప్పటి నుంచి ప్రతివారూ తమ పుట్టిన సంవత్సరపు చుక్క కోసం వెదకడం ఆటగా మారింది. శ్రవణా నక్షత్రం సుమారు 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది కనుక అది ఇంటర్ పిల్లలది. అభిజిత్తు 25, స్వాతి 37, రోహిణి 65కు కొంచెం అటూ ఇటూ. నాయనమ్మగారికి తన వయసుకు దగ్గరి చుక్క రోహిణి అని చెబితే, "నాకంటే చిన్నదే" అని నవ్వింది.

దూరాల కొలత మరొక శనివారం. పద్నాలుగు సెంటీమీటర్ల రబ్బరు బంతి సూర్యుడైతే, భూమి ఒక చిన్న ఆవగింజ. దాన్ని పదిహేను మీటర్ల దూరంలో పెట్టాలి. చంద్రుడు ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల అవతల ఇసుక రేణువు. గురుడు గోళీకాయంత, డెబ్బై ఎనిమిది మీటర్ల దూరాన. నెప్ట్యూన్ కోసం 450 మీటర్లు నడిచి స్కూలు గేటు దాకా పోయాము. "అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ఎక్కడ పెట్టాలి సార్?" అంటే, ఇదే లెక్కన నాలుగు వేల కిలోమీటర్లు, అంటే కాశ్మీరు నుంచి కన్యాకుమారికి ఉన్న దూరం కంటే ఎక్కువ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక మొదట ప్రశ్న వేసిన అమ్మాయి సంగతి. తమ క్వార్టరు డాబా మీద మీటరు పొడవు ఇనుప కడ్డీని తాపీమేస్త్రీ గుండుదారంతో నిటారుగా నిలబెట్టి, ప్రతి ఆదివారమూ, విశేష దినాలలోనూ మధ్యాహ్నపు అతి పొట్టి నీడను కొలిచి నోటుబుక్కులో రాయడం ఆమె పెట్టుకున్న పని. సంక్రాంతి మరునాడు ఆ నోటుబుక్కుతో మా ఇంటికి వచ్చింది. ముఖం చిన్నబోయి ఉన్నది. "సార్, నేనెక్కడో తప్పు కొలిచాను. డిసెంబరు 22న నీడ 87 సెంటీమీటర్లు. నిన్న 81. సంక్రాంతికి ఉత్తరాయణం మొదలవుతుంది కదా, నిన్ననే అన్నిటికంటే పొడుగు నీడ రావాలి కదా?"

కొలత తప్పేమో అన్న అనుమానం నాకూ కలిగిన మాట ఒప్పుకోవాలి. ఆమెతో వెళ్లి కడ్డీ నిలువు చూశాను, టేపు చూశాను. మన ఊరు ఉన్న పదిహేడున్నర డిగ్రీల అక్షాంశానికి లెక్క కట్టి చూశాను. 87, 81 సెంటీమీటర్లే రావాలి. తప్పు ఎక్కడా లేదు. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా తల తిప్పుతూ ఉంటుంది. ఒక చుట్టుకు సుమారు 26 వేల సంవత్సరాలు, ఒక డిగ్రీకి డెబ్బై రెండు సంవత్సరాలు పడుతుంది. సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి మళ్లే రోజూ, నక్షత్రాల లెక్కన మకరరాశిలో ప్రవేశించే రోజూ సుమారు 1,700 సంవత్సరాల క్రితం ఒక్కటే. ఇప్పుడు వాటి మధ్య ఇరవై నాలుగు రోజులు ఎడం వచ్చింది. పంచాంగం నక్షత్రాల లెక్క చెబుతున్నది, కడ్డీ నీడ లెక్క చెబుతున్నది. రెండూ సరైనవే. ఇదంతా చెప్పిన తరువాత ఆమె అడిగింది: "అయితే నా కొలత కరెక్టేనా సార్?" అవునన్నాను. మళ్లీ ఒకసారి అడిగింది. మళ్లీ అవునన్నాను.

మార్చి 21న ఆమె నీడ 32 సెంటీమీటర్లకు తగ్గింది. మే 10న ఎండలో గొడుగులు పట్టుకొని పదిహేను మందిమి ఆ డాబా మీద చేరాము. మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచినప్పుడు కడ్డీ నీడ దాని పాదంలోకి ముడుచుకుపోయింది. కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ఊళ్లకు సంవత్సరంలో రెండుసార్లు ఇలా జరుగుతుంది. మనకు రెండవసారి ఆగస్టు మొదటి వారంలో వస్తుంది, మబ్బులు దయతలిస్తే. క్రేన్ ఆపరేటరు గారు ఆనాడు సెలవు పెట్టి, అందరికీ మజ్జిగ ఇచ్చారు.

సైన్సు రాని వారికి ఆకాశం చెప్పడం మన కాలానికి తట్టిన ఆలోచన అనుకోవద్దు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణం గురించి సామాన్యులకు తెలియజెప్పడానికి దేశభాషలలో చిన్న పుస్తకాలు రాశారు. ఆర్. రెటిక్యులీ అనే వెలుగు మారే నక్షత్రాన్ని 1867లో కనుగొన్న శాస్త్రజ్ఞుడు ఆయన. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు అదే శుక్ర సంక్రమణాన్ని తన సొంత వేధశాల నుంచి పరిశీలించారు. ఇటువంటివి మన పిల్లల పాఠ్యపుస్తకాలలో నాకు కనిపించలేదు. ఉంటే సంతోషిస్తాను.

తల్లిదండ్రులు కొందరు టెలిస్కోపు కొనిపెట్టమంటారా అని అడుగుతున్నారు. తొందర వద్దు. మొదటి ఏడాదికి కళ్లు చాలు, రెండవ ఏడాదికి ఏడింతలు పెద్దది చేసి చూపే సాధారణ బైనాక్యులర్ చాలు. దానితో చంద్రుని గుంటలు, చెయ్యి వణకకుండా ఆనించుకుంటే గురుని ఉపగ్రహాలు చూడవచ్చు. ఆ బైనాక్యులర్‌ను ఎన్నడూ సూర్యుని వైపు తిప్పరాదు. ఈ ఒక్క విషయంలో మన సేఫ్టీ విభాగం వారి కంటే నేను కఠినంగా ఉంటాను.

ఈ ఏడాది తరగతులు నవంబరు మొదటి శనివారం సాయంత్రం ఆరున్నరకు క్లబ్బు మేడ మీద మొదలవుతాయి. ఏ గ్రూపు విద్యార్థులైనా రావచ్చు, ఇంట్లోని పెద్దలను కూడా తీసుకురావచ్చు. చాప, నోటుబుక్కు, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు తెచ్చుకోవాలి. కార్తెల అట్టలు మా దగ్గర ఉన్నాయి, ఒక్క పుష్యమి అట్ట తప్ప. పోయిన ఏడాది వర్షంలో తడిసిపోయింది. ఎవరైనా రాసి తేగలరు.