నంద్యాల–ఆళ్లగడ్డ రోడ్డు: స్టీరింగ్ ముందు ఆ రెండు సెకన్లలో ఏం జరుగుతుంది?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు దాదాపు 40 కిలోమీటర్లు. ఇటు నంద్యాల, అటు అహోబిలం, కడప వైపు వెళ్లేవారిలో చాలామందికి ఇది బాగా తెలిసిన దారి. చిక్కంతా అక్కడే ఉంది. తెలిసిన దారిలో చేతులు వాటంతట అవే స్టీరింగ్ తిప్పుతుంటాయి. మనసు మరో పని వెతుక్కుంటుంది. వాట్సాప్ శబ్దం వినిపిస్తుంది, పాట మార్చాలనిపిస్తుంది, నీళ్ల సీసా మూత తీయాల్సి వస్తుంది. 'ఒక్క క్షణమేగా' అనుకుంటాం. ఆ క్షణంలో కారు ఎంత దూరం వెళ్తుంది? చట్టం ఏం చెబుతోంది? మీరు ఏం మార్చుకోవచ్చు?

ఈ రోడ్డు మీద ఏం జరిగింది?

2014 ఏప్రిల్ 23 రాత్రి. అప్పటి ఆళ్లగడ్డ ఎమ్మెల్యే భూమా శోభా నాగిరెడ్డి నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్నారు. గూబగుండం మెట్ట దగ్గర రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పలు ఎదురయ్యాయి. వాటిని తప్పించబోయి వాహనం పల్టీలు కొట్టింది. ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదని, వాహనం నుంచి బయటికి పడిపోయారని అప్పటి వార్తలు చెప్పాయి. మరుసటి రోజు హైదరాబాద్‌లో చికిత్స పొందుతూ కన్నుమూశారు. బ్యాలెట్‌లో పేరు ఉండటంతో ఆ ఎన్నికల్లో ఆమే గెలిచారు. తర్వాత జరిగిన ఉప ఎన్నికలో కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఆ ప్రమాదానికి డ్రైవర్ పరధ్యానం కారణమని ఇక్కడ చెప్పడం లేదు. చీకట్లో అడ్డం ఎదురైనప్పుడు స్టీరింగ్ పట్టుకున్నవారికి ఎంత తక్కువ సమయం ఉంటుందో ఆ ఘటన చెబుతుంది.

రెండు సెకన్లు అంటే ఎన్ని మీటర్లు?

గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్తుంటే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 80 కి.మీ. అయితే 22 మీటర్లు, 100 కి.మీ. అయితే 28 మీటర్లు.

80 వేగంలో అడ్డం కనిపించగానే బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి. అప్పటికే 33 మీటర్లు దాటేస్తారు. పొడి రోడ్డు మీద, టైర్లు బాగుంటే ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం 70 మీటర్ల దాకా. డిమ్ లైట్‌లో చాలా కార్లకు స్పష్టంగా కనిపించేది 50, 60 మీటర్లే. అంటే కళ్లు రోడ్డు మీదే ఉన్నా రాత్రి పూట ఆ వేగం ఎక్కువే. దానికి ఫోన్ మీద రెండు సెకన్ల చూపు కలిపితే మరో 44 మీటర్లు చూడకుండానే వెళ్లిపోయినట్టు.

వేగంతో మిగిలేది కూడా లెక్కేయండి. 40 కిలోమీటర్లకు 80లో అరగంట, 60లో 40 నిమిషాలు. తేడా పది నిమిషాలు.

చేతిలో ఫోన్ లేకపోతే ఇబ్బంది లేనట్టేనా?

కాదు. డ్రైవింగ్‌లో ఫోన్ వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బ్లూటూత్‌లో మాట్లాడటం చేత్తో పట్టుకుని మాట్లాడటం కన్నా పెద్దగా సురక్షితం కాదని కూడా అంటోంది. చేతులు ఖాళీగా ఉన్నా ఆలోచన మాటల్లో ఉంటుంది. అమెరికాలో 2015లో వెల్లడైన యూటా విశ్వవిద్యాలయ పరిశోధన ప్రకారం, నోటితో చెప్పి కాల్ చేసినా, పాట మార్చినా ఆ పరధ్యానం 27 సెకన్ల వరకు కొనసాగవచ్చు.

మరి పక్కనున్నవారితో మాట్లాడితే? వాళ్లకూ రోడ్డు కనిపిస్తుంది. ట్రాక్టర్ అడ్డం వస్తే వాళ్లే మాట ఆపేస్తారు. ఫోన్‌లో ఉన్నవారికి ఆ సంగతి తెలియదు. అందుకే మీరు ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు అవతలివారు బండి నడుపుతున్నారని తెలిస్తే వెంటనే పెట్టేయండి.

నిద్ర మాటేమిటి?

భోజనం తర్వాత మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము వరకు కునుకు ఎక్కువగా వస్తుంది. ముఖం కడుక్కుంటే, అద్దం దించితే కొద్ది నిమిషాలే ఊరట. కాఫీ పూర్తిగా పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది. కాఫీ తాగి, సురక్షితమైన చోట బండి ఆపి 15–20 నిమిషాలు పడుకోవడం మేలు. జలుబుకు వేసుకునే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ లాంటి మాత్రలు మత్తు తెస్తాయి. వేసుకున్నాక స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద చేత్తో ఫోన్ వాడుతూ నడపడం ప్రమాదకర డ్రైవింగే. తొలిసారి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే వాడాలి, అదీ ఏకాగ్రత చెదరకుండా.

సీటు బెల్టు వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి. సెక్షన్ 194బి కింద జరిమానా రూ.1,000. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో బెల్టు పెట్టుకోక దేశంలో 16,715 మంది చనిపోయారు. వారిలో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు.

బయలుదేరే ముందు ఏం చేయాలి?

• మ్యాప్‌లో దారి, పాటల జాబితా బండి కదలకముందే పెట్టుకోండి.
• ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ ఆన్ చేయండి. లేదా పక్కనున్నవారి చేతికి ఇచ్చేయండి.
• నీళ్ల సీసా, చెప్పులు డ్రైవర్ కాళ్ల దగ్గర పెట్టకండి. దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంటే పెడల్ దిగదు.
• వెనక సీట్లో పాప ఏడిస్తే వెనక్కి తిరగొద్దు. రోడ్డు దిగి ఆపాక చూడండి.
• కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం, దాని మీద పట్టాలు, చుట్టూ పెట్టిన రాళ్లు ఉంటాయని ముందే అనుకుని రాత్రి వేగం తగ్గించండి.

జాతీయ రహదారి మీద ధాన్యం కుప్పలు, ఆగిపోయిన లారీ, పశువులు కనిపిస్తే 1033కు చెప్పండి. ప్రమాదం జరిగితే 108 లేదా 112. ఫోన్ చేసేముందు మాత్రం మీ బండిని పక్కకు తీసి ఆపండి.