నిదానం

‘నిదానం’ అనే మాటకు తెలుగువాడుకలో తొందరపాటు లేకపోవటమని అర్థం. ఆయుర్వేదంలో రోగానికి మూలకారణమని, ఆ కారణాన్ని నిర్ణయించే పద్ధతి అని అర్థం. మోటారు వాహనాల మరమ్మతుకు ఈ రెండర్థాలూ కావలసినవే.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. ఏటా 3 లక్షల కార్లను తయారుచేయగల సామర్థ్యంతో దానిని నిర్మించారు. వేరుసెనగ చేలకు, పట్టుమగ్గాలకు పేరొందిన ఈ ప్రాంతపు యువతకు వాహనవిద్య నేడు ఇంటి ముంగిటికి వచ్చింది. ఆ విద్యలో ఎండనాడు అందరికీ అక్కరపడేది కారులోని ఏసీని గురించిన జ్ఞానం.

ఏసీ చల్లదనాన్ని సృష్టించదు. లోపలి వేడిని బయటికి చేరవేస్తుంది. ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు పరిసరాల వేడిని గ్రహిస్తుంది. మట్టికుండలో నీరు చల్లబడటానికి కారణమిదే. కంప్రెసర్ శీతలవాయువును అధికపీడనానికి గురిచేస్తుంది. వేడెక్కిన ఆ వాయువు కారు ముందుభాగాన ఉండే కండెన్సర్‌లో గాలి తగిలి ద్రవమవుతుంది. ద్రవం సన్నని ద్వారం గుండా ఎవాపరేటర్‌లో ప్రవేశించి, పీడనం తగ్గి, ఆవిరై, లోపలి గాలిని చల్లబరుస్తుంది.

ఈ మార్గం తెలిసినవాడు సగం వైద్యుడు. ఒక కారు హిందూపురం నుండి పెనుకొండ దాకా చల్లగానే ఉన్నదనుకొందాం. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల నడుమ ఆగిన కొద్దిసేపటికి వేడిగాలి వీచింది. తొందరపడేవాడు “గ్యాస్ తగ్గింది, నింపండి” అంటాడు. వాయువు బాగా తగ్గి ఉంటే దారిలోనూ చల్లదనం తగ్గాలి కదా! నడిచే కారులో ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. నిలిచిన కారులో ఆ పని ఫ్యాను చేయాలి. కనుక మొదట అనుమానింపవలసినది ఫ్యానును, కండెన్సర్ రేకుల మధ్య పేరుకొన్న దుమ్మును. ఇక కారు కింద నీటిచుక్కలు రాలటమంటారా, అది రోగమే కాదు.

శీతలవాయువు పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. తగ్గినదంటే ఎక్కడో కారినదన్నమాట. ఆ చోటు వెదకక ఏటా నింపించటం చిల్లికుండలో నీరు పోయటమే. వాయువుతోపాటు తిరిగే నూనె అందక కంప్రెసర్ బిగుసుకుపోవచ్చు. పైగా అనేక కార్లలో వాడే ఆర్-134ఎ వాయువు భూతాపాన్ని పెంచటంలో అంతే బరువుగల కార్బన్ డయాక్సైడ్ కంటె వెయ్యిరెట్లకు పైగా శక్తి కలది.

ఇటువంటి ప్రమాదాలను కనిపెట్టి ఉండేది కారులోని కంప్యూటర్. పీడనం మరీ తగ్గినా, ఇంజను మితిమీరి వేడెక్కినా అదే కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. కాబట్టి ఏసీ మూగబోవటానికి కారణం ఇంజనులోనూ ఉండవచ్చు. దోషం కనబడగానే కంప్యూటర్ ఒక సంకేతాన్ని భద్రపరచి పసుపుదీపం వెలిగిస్తుంది. ఉదాహరణకు పి0301 అంటే మొదటి సిలిండర్‌లో ఇంధనం సరిగా మండలేదని. ఎందుకు మండలేదో అది చెప్పదు. స్పార్క్ ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, ఏదైనా కావచ్చు. మొదటి సిలిండర్ కాయిల్‌ను రెండవదానితో మార్చి చూడాలి. సంకేతం పి0302గా మారితే దోషం కాయిల్‌లోనే ఉన్నది. కానీ ఖర్చులేని పరీక్ష ఇది. స్కానర్‌తో సంకేతాన్ని చెరిపించి దీపం ఆరిందని సంతోషించేవారూ ఉన్నారు. థర్మామీటరు దాచిపెడితే జ్వరం తగ్గుతుందా?

పసుపుదీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే వేగం తగ్గించాలి. మండని ఇంధనం పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. నూనె పీడనాన్ని, ఇంజను వేడిని తెలిపే ఎర్రదీపాలు వెలిగినప్పుడు మాత్రం నిదానం కూడదు. బండిని వెంటనే పక్కకు నిలిపి ఇంజను ఆపివేయాలి.