మహమ్మారి వేళ వృద్ధుల మనస్సు, జ్ఞాపకశక్తి

“వయస్సు మళ్ళినవారికి మరుపు సహజమే గదా!” అని మనలో చాలామంది అనుకొంటూ ఉంటారు. నాలుగు దశాబ్దాలుగా వైద్యవృత్తిలో ఉన్న నేను కూడా ఒకప్పుడు ఆ మాటనే నమ్మి, స్వగృహంలోనే పొరపాటు చేశాను. ఆ పొరపాటు మరొక ఇంట జరుగకూడదనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇంట పెద్దలున్న ప్రతి గృహస్థూ, గృహిణీ దీనిని శ్రద్ధగా చదువవలసినదిగా ప్రార్థన.

గరివిడిలో ఆగిన గడియారం

మా ఊరు గరివిడి. విజయనగరానికీ చీపురుపల్లికీ నడుమ, హౌరా–మద్రాసు రైలుమార్గం మీద ఉన్నది. మా తల్లిగారు ఎన్నడూ గోడ గడియారం చూసి ఎరుగరు. ఉదయపు పాసింజరు కూత వినిపిస్తే పాలు కాచేవారు. సాయంకాలపు బండి వెళితే దీపం పెట్టేవారు. వీధి అరుగు మీద కూర్చొని, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం నుండి ఇళ్ళకు మరలే వారిని పేరుపేరునా పలకరించేవారు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. ఆనాటి నుండి దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయింది. గూడ్సు బండ్లు మాత్రం వేళాపాళా లేకుండా నడిచేవి. అప్పటికి మా తల్లిగారి వయస్సు 78 సంవత్సరాలు. మా జిల్లాలో తొలి కేసు మే మొదటి వారం వరకు నమోదు కాలేదు. అయినను ముందుజాగ్రత్తగా ఆమెను వెనుక గదిలో ఉంచాను. వేళకు భోజనం, కషాయం గుమ్మం వద్ద పెట్టేవారము. పిల్లలను దగ్గరకు పోనిచ్చేవారము కాదు. ఎంతో జాగ్రత్త తీసుకొంటున్నానని తృప్తిపడ్డాను.

శ్రావణమాసం నాటికి ఆమె మాటలో మార్పు వచ్చింది. నడిరాత్రి గూడ్సు బండి కూత విని లేచి కూర్చొని, “బండి వెళ్ళిందేటి నాయనా? పాలు పొయ్యి మీద పెట్టలేదేటి?” అని అడిగేవారు. సమాధానం చెప్పిన పది నిమిషాలకు మరల అదే ప్రశ్న. తినే అన్నం సగమయింది. ఇది వార్ధక్యమని నేను నిశ్చయించుకొని, సరస్వతి ఆకు రసం మొదలుపెట్టాను. గుణం కనిపించలేదు.

చరకుడు చెప్పినది, మనం మరచినది

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో జనపదోద్ధ్వంసం, అనగా దేశాలను తుడిచిపెట్టే మహమ్మారుల ప్రస్తావన ఉన్నది. గంగాతీరాన కాంపిల్య నగరంలో ఆత్రేయ మహర్షి అగ్నివేశునికి ఈ విషయం బోధిస్తాడు. ప్రకృతులు వేరైనా ఒకేసారి అందరూ ఎందుకు రోగగ్రస్తులవుతారంటే, గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడి గనుక, అవి చెడినప్పుడు అందరూ చెడుతారని ఆయన సమాధానం.

ఆ అధ్యాయంలోనే చికిత్స కూడా చెప్పబడింది. పంచకర్మలు, రసాయన సేవనం అనేవి అందరూ ఎరిగినవే. వాటితోపాటు సత్యం, భూతదయ, దానం మొదలైనవి పేర్కొని, సజ్జనులతో నిత్య సహవాసాన్నీ, ధర్మశాస్త్ర సంభాషణాన్నీ కూడా ఔషధాల జాబితాలోనే చేర్చారు. 2020లో మన ఇళ్ళలో మిరియాలు, శొంఠి, తులసి మరగని రోజు లేదు. కాని సంభాషణమనే మందును మాత్రం పెద్దలకు అందకుండా చేశాము. వ్యాధి సోకకుండా దూరం పాటించుట అవసరమే. టీకా లేని ఆ రోజులలో తప్పనిసరి కూడా. అయితే విడిగా ఉంచుట వేరు, ఒంటరిగా ఉంచుట వేరు. నేను ఈ రెండింటికీ భేదం గుర్తించలేకపోయాను.

ఒంటరితనం మెదడును ఎట్లు దెబ్బతీస్తుంది?

వార్ధక్యం వాతప్రధానమైన వయస్సు. నిద్ర తగ్గుట, భయం, చింత, శరీరం ఎండుట వాతాన్ని ఇంకా పెంచుతాయి. ధీ, ధృతి, స్మృతి అనే మూడూ సడలుతాయని మన శాస్త్రం. ఆధునిక వైద్యం దీనినే మరొక విధంగా చెబుతున్నది. మాట వినుట, అర్థం చేసుకొనుట, బదులు చెప్పుట మెదడుకు నిత్య వ్యాయామం. నడక వలన మెదడుకు రక్తప్రసారం చక్కగా జరుగుతుంది. ఎండ, మనుష్యుల రాకపోకలు, నియమిత వేళలు పగటిని రాత్రి నుండి వేరుచేసి నిద్రను కాపాడుతాయి. ఇవన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు, అప్పటికే కొంచెం సన్నగిల్లిన జ్ఞాపకశక్తి త్వరగా దిగజారుతుంది.

ఇంగ్లండులో 50 ఏళ్ళు పైబడిన 3,142 మందిపై జరిపిన పరిశీలన 2023లో ప్రచురితమయింది. మహమ్మారి మొదటి సంవత్సరంలో వారి జ్ఞాపకశక్తి, పనులు సక్రమంగా యోచించి చేసే శక్తి అంతకుముందుకంటె వేగంగా తగ్గినట్లు తేలింది. వ్యాధి సోకనివారిలో కూడా ఈ తగ్గుదల కనిపించుట గమనించదగినది. వ్యాయామం తగ్గుట, మద్యపానం పెరుగుట, ఒంటరితనం, కుంగుబాటు దీనితో ముడిపడి ఉన్నట్లు ఆ పరిశోధకులు గుర్తించారు.

వ్యాధి స్వయంగా చేసే హాని మరొకటి. 51 నుండి 81 ఏళ్ళ వయస్సు గల 785 మంది మెదడును స్కానింగ్ ద్వారా రెండేసి సార్లు పరీక్షించి, ఆ ఫలితాలను 2022లో ప్రకటించారు. వారిలో 401 మందికి రెండు పరీక్షల నడుమ కరోనా సోకింది. సోకనివారితో పోల్చినప్పుడు వీరిలో, ముఖ్యంగా వాసనతో సంబంధం గల భాగాలలో, మెదడు పదార్థం కొంత ఎక్కువగా తగ్గినట్లు కనిపించింది. వృద్ధులలో ఈ వ్యాధి కొన్ని సమయాలలో జ్వరం, దగ్గు లేకుండా కేవలం మతిభ్రమగా బయటపడుట కూడా వైద్యులు చూశారు.

మరుపు వెనుక దాగిన కారణాలు

2021 ఆరంభంలో విజయనగరంలోని నా మిత్రుడైన ఒక వైద్యునికి తల్లిగారి సంగతి చెప్పాను. ఆయన మందుల మాట ఎత్తక, “రోజుకు ఆమెతో ఎంతసేపు మాట్లాడుతున్నావు?” అని అడిగాడు. నేను బదులు చెప్పలేకపోయాను.

పరీక్షలు చేయించగా మూడు విషయాలు బయటపడ్డాయి. విటమిన్ బి12 బాగా తక్కువగా ఉన్నది. రెండు కళ్ళలో శుక్లాలు ముదిరి ఉన్నవి. శస్త్రచికిత్స చేయించవలసిన సమయం లాక్‌డౌనులో గడచిపోయింది. వినికిడి కూడా తగ్గింది. అంతకుముందు ఎదుటివారి పెదవుల కదలిక చూసి మాట గ్రహించేవారు. అందరూ మాస్కులు ధరించిన తరువాత ఆమెకు లోకమే మూగపోయింది. ఆమె అడిగినదే మరల అడుగుటకు మరుపు ఒక్కటే కారణం కాదు. మేము చెప్పిన సమాధానం చాలాసార్లు ఆమెకు వినపడనేలేదు.

బి12 లోపం, థైరాయిడ్ లోపం, రక్తంలో సోడియం తగ్గుట, మూత్రంలో ఇన్ఫెక్షన్, కుంగుబాటు, మత్తు కలిగించే జలుబు మాత్రలు, నిద్రమాత్రలు – ఇవి మరుపును కలిగించగలవు లేదా పెంచగలవు. సకాలంలో గుర్తించిన ఇందులో చాలావరకు చక్కబడతాయి. 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు వ్యాధికి దారితీసే, నివారింపదగిన 14 కారణాలను పేర్కొన్నది. వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం, కుంగుబాటు, వ్యాయామ లోపం వాటిలో ఉన్నవి. మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో నూటికి సుమారు ఏడుగురు మతిమరుపు వ్యాధితో ఉన్నారని అంచనా. మిగిలినవారి మరుపును కూడా అదే గాట కట్టివేయుట అన్యాయం.

గృహంలో చేయదగినవి

1. సంభాషణ: ఉదయం, సాయంకాలం కనీసం అరగంట చొప్పున పెద్దలతో మాట్లాడవలెను. ఎదురుగా కూర్చొని, ముఖం కనిపించునట్లు, నిదానంగా పలుకవలెను. అంటువ్యాధి రోజులలో పెరటిలోనో వీధి అరుగు మీదనో దూరంగా కూర్చొనవచ్చు. టెలిఫోనులో మనుమల గొంతు వినిపించవలెను.

2. దినచర్య: లేచుట, స్నానం, భోజనం, నిద్ర ఒకే వేళకు జరుగవలెను. పెద్ద అక్షరాల క్యాలెండరు, గడియారం కంటికి ఎదురుగా ఉంచవలెను. లేత ఎండలో కొంతసేపు నడిపించవలెను.

3. బాధ్యత: బియ్యం ఏరుట, చింతపండు గింజ తీయుట, ఊరగాయ పాళ్ళు చెప్పుట వంటి పని ఒకటి వారికి అప్పగించవలెను. తన అవసరం ఇంటికి ఉన్నదన్న భావం గొప్ప బలం.

4. అభ్యంగం: గోరువెచ్చని నువ్వులనూనెతో పాదాలను రాత్రి పది నిమిషాలు మర్దించిన శరీరం సేదతీరి, సుఖనిద్రకు తోడ్పడుతుంది. జారిపడకుండా పాదాలను తుడిచిన తరువాతనే నడువనీయవలెను.

5. ఆహారం: చోడి అంబలి, పలుచని మజ్జిగ, పెసరకట్టు, ఆకుకూరలు, పాలు, పెరుగు ఇవ్వవలెను. దాహం వేయకున్నను నీరు తరచుగా అందించవలెను. మధుమేహం, మూత్రపిండ వ్యాధులు, గుండె జబ్బులు గలవారు వైద్యుని సలహా ప్రకారం ఆహారం, నీరు తీసుకొనవలెను.

6. మేధ్య రసాయనాలు: మండూకపర్ణి స్వరసం, పాలతో యష్టిమధు చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం అనే నాలుగింటిని చరకుడు మేధకు హితమని చెప్పాడు. సరస్వతి ఆకు పచ్చడి వారానికి ఒకటి రెండు పర్యాయాలు భోజనంలో వాడుకొనవచ్చు. అయితే ఇవి మతిమరుపు వ్యాధిని నయం చేస్తాయని భ్రమపడరాదు. రక్తపోటు గలవారికి యష్టిమధు పనికిరాదు. తిప్పతీగను నెలల తరబడి వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో వైద్యులు ప్రకటించారు. కావున వైద్యుని పర్యవేక్షణ లేక వీటిని సేవింపరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

గంటలలో లేదా ఒకటి రెండు రోజులలో అకస్మాత్తుగా మతి తప్పుట, మాట తడబడుట, అతినిద్ర, ఒక వైపు బలహీనత కనిపించిన వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. నెలల తరబడి మెల్లగా మరుపు పెరిగి, వంట, లెక్క, ఇంటి దారి కూడా తప్పుతున్నప్పుడు నిపుణులకు చూపించవలెను. ఉత్సాహం పోయి, కన్నీరు పెట్టుకొంటూ, భోజనం మానివేసినవారిది కుంగుబాటు కావచ్చు. మానసిక సమస్యలకు టెలిమానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567 నంబర్లు ఉన్నవి.

తిరిగి వచ్చినది, రానిది

2021 మార్చి 1 నుండి 60 ఏళ్ళు దాటినవారికి టీకాలు మొదలైనవి. మా తల్లిగారికి టీకా వేయించి, బి12 సూదిమందులు ఇప్పించి, ఆ సంవత్సరాంతానికి కంటి శస్త్రచికిత్సలు పూర్తిచేయించాము. వినికిడి యంత్రం కొన్నాము. అన్నింటికంటె ముందుగా ఆమె మంచాన్ని వెనుక గది నుండి వీధి వైపు గదిలోకి మార్చాము. క్రమంగా నిద్ర, ఆకలి కుదురుకున్నవి. ఒకే ప్రశ్న పదేపదే అడుగుట చాలావరకు తగ్గింది. పాసింజరు బండ్లు మరల నడుస్తున్నవని గ్రహించి, సాయంకాలం దీపం పెట్టమని కోడలికి గుర్తుచేసేవారు.

అంతా తిరిగి రాలేదు. ఎన్నో ఏండ్లుగా ఊరిలో సగం మందికి చెప్పిన ఆవకాయ పాళ్ళు ఆమె నోట మరల సరిగా రాలేదు. వాటిని మేమెవ్వరమూ వ్రాసి ఉంచలేదు. ఆమె 2024లో కాలధర్మం చెందారు. ఆ వెనుక గదిలో గడచిన నెలలలో రోజుకొక అరగంట గుమ్మం వద్ద కూర్చొని ఉంటే ఎంత మిగిలేదో నేను చెప్పలేను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించింది. కాని అనేక ఇళ్ళలో పెద్దలు ఇంకా వెనుక గదులలోనే ఉన్నారు. పాఠకులు ఈ సంచికను ప్రక్కన పెట్టి, ముందుగా వారి వద్దకు వెళ్ళి కూర్చొనవలసినదిగా నా మనవి. కషాయం తరువాత కాచుకొనవచ్చు.