తీగ కుదురుకునే వారాలు

పేస్‌మేకర్ అమర్చాక చాలామంది మర్నాడో, ఆ మర్నాడో ఇంటికి వచ్చేస్తారు. ఎక్కువమందికి పూర్తి మత్తు కూడా ఇవ్వరు. ఎడమ కాలర్ ఎముక కింద తిమ్మిరి ఇంజెక్షన్ చేసి, రెండంగుళాల కోత పెట్టి పని ముగిస్తారు. పెద్ద ఆపరేషనేం కాదు కదా అన్న ధీమా ఒకవైపు, గుండెలో మిషన్ పెట్టారన్న బెదురు ఇంకోవైపు. చేతిలోని డిశ్చార్జి కాగితం మీద మాత్రం ఒక ఆదేశం ఉంటుంది: ఎడమ చెయ్యి భుజం కన్నా పైకి ఎత్తకూడదు. ఎందుకు ఎత్తకూడదో, ఎన్నాళ్లో, ఎంతవరకు కదపవచ్చో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఆస్పత్రిలో చాలాసార్లు ఎవరికీ ఉండదు. ఆ కారణం తెలిసినవాళ్లు మిగతా జాగ్రత్తలు బట్టీ పట్టనక్కర్లేదు.

‘గుండెకు బ్యాటరీ పెట్టారు’ అంటాం గానీ ఆ పెట్టె గుండెలో ఉండదు. పాతిక, ముప్పై గ్రాముల బరువుండే ఆ టైటానియం డబ్బా చర్మం కింద, ఛాతీ కండరం పైన చిన్న సంచిలా చేసిన చోట ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన సన్నటి తీగ కాలర్ ఎముక వెనక సిరలో దూరి, కుడి కర్ణిక దాటి కుడి జఠరికలోకి దిగుతుంది. చాలామందికి కర్ణికలో ఇంకో తీగ కూడా పెడతారు. తీగ చివర రెండు మిల్లీమీటర్లకు మించని మర ఉంటుంది. డాక్టర్ బయటి నుంచి తిప్పుతుంటే అది గుండె కండరంలోకి దిగుతుంది. మొదటి రోజున తీగను పట్టి ఉంచే ఆధారం అదొక్కటే. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ ఆ కొస కదులుతూనే ఉంటుంది.

నాటు వేసిన నారు వేరు పట్టేదాకా ఎలా ముట్టుకోమో, ఈ తీగ సంగతీ అంతే. మర దిగిన చోట గుండె కండరానికి చిన్న గాయమవుతుంది. శరీరం అక్కడికి రక్తకణాల్ని పంపుతుంది, కాస్త వాపు వస్తుంది, ఆ తర్వాత తీగ కొస చుట్టూ మచ్చలాంటి గట్టి పొర అల్లుకుంటుంది. ఆ పొరే తీగకు శాశ్వతమైన పట్టు. అది గట్టిపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. తీగ జారిపోవడమనే ప్రమాదం నూటికి ఏ ఇద్దరు ముగ్గురికో వస్తుంది. వచ్చేది కూడా ఎక్కువగా ఈ తొలి వారాల్లోనే.

ఇదే సమయంలో రోగికి తెలియకుండా ఇంకో మార్పు జరుగుతుంది. గుండెను కొట్టించడానికి తీగ కొస దగ్గర కనీసం ఇంత వోల్టేజీ కావాలని ఒక లెక్క ఉంటుంది. అమర్చిన రోజు అది సాధారణంగా ఒక వోల్టు కన్నా తక్కువే. గాయం దగ్గర వాపు వచ్చేకొద్దీ కొసకూ ఆరోగ్యంగా ఉన్న కండరానికీ మధ్య దూరం పెరుగుతుంది, కావలసిన వోల్టేజీ కూడా పెరుగుతుంది. పూర్వం ఇది పెద్ద సమస్య. బాగా పనిచేస్తున్న పేస్‌మేకర్ దెబ్బలు కొన్ని వారాలకల్లా గుండెకు అందకుండా పోయేవి. 1980లలో తీగ కొసలోనే చిటికెడు స్టెరాయిడ్ మందు పెట్టడం మొదలుపెట్టారు. అది మెల్లగా ఊరుతూ అక్కడి వాపును అణచిపెడుతుంది. అయినా డాక్టర్లు తొలి రోజుల్లో వోల్టేజీని అవసరానికి చాలా పైన, తరచు 3.5 వోల్టుల దగ్గర ఉంచి పంపుతారు. ఆ సంఖ్య సంగతి చివర్లో మళ్లీ చెప్పాలి.

శరీరంలో అమర్చిన తొలి పేస్‌మేకర్ కథ వింటే ఈ రోజు ఇంటికి నడిచి రావడం ఎంత గొప్ప విషయమో తెలుస్తుంది. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో 43 ఏళ్ల ఆర్నే లార్సన్‌కు ఛాతీ తెరిచి, గుండె మీద నేరుగా తీగలు కుట్టి దాన్ని అమర్చారు. సర్జన్ ఓకే సెన్నింగ్, తయారు చేసిన ఇంజనీర్ రూనే ఎల్మ్‌క్విస్ట్. రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోతున్న భర్త కోసం ఎల్సె-మేరీ పట్టుబట్టకపోతే వాళ్లు అంత త్వరగా సాహసించేవారు కాదు. ఆ తొలి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత జీవితమంతా కలిపి లార్సన్ 20కి పైగా పేస్‌మేకర్లు మార్చుకుని, ఆ సర్జన్ కన్నా, ఆ ఇంజనీర్ కన్నా ఎక్కువ కాలం బతికి, 2001లో 86 ఏళ్ల వయసులో మరణించారు.

ఇక చెయ్యి సంగతి. భుజం బాగా పైకి లేచినప్పుడు కాలర్ ఎముక కింద తీగ లాగబడుతుంది. కాబట్టి దండెం మీద బట్టలు ఆరేయడం, అటక మీది డబ్బా అందుకోవడం, బస్సులో పైకడ్డీ పట్టుకుని వేలాడటం, నీళ్ల బిందె ఎత్తడం ఆరు వారాల పాటు ఆ చేత్తో మానాలి. అంతే గాని, చెయ్యి మొత్తం కదపవద్దని ఎవరూ అనలేదు. నా దృష్టిలో మన ఇళ్లలో జరిగే అసలు పొరపాటు ఇక్కడే ఉంది. కొడుకులూ కోడళ్లూ ప్రేమకొద్దీ ‘మీరు కదలొద్దు నాన్నా’ అంటారు. పెద్దాయన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని నెలంతా అలాగే కూర్చుంటారు. తీగ నిక్షేపంగా ఉంటుంది, భుజం మాత్రం పట్టేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది, ఒకసారి పట్టేసిన భుజం వదలడానికి నెలలు పడుతుంది. అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం, మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి ముందుకీ వెనక్కీ ఊపడం రెండో రోజు నుంచే చేయవచ్చు. తల దువ్వుకునేటప్పుడు చేతిని పైకి లేపకుండా తలను కిందికి వంచితే సరిపోతుంది. తీగలే లేని కొత్త రకం పేస్‌మేకర్‌ను తొడ దగ్గరి సిర నుంచి నేరుగా గుండెలో పెట్టించుకున్నవారికి ఈ చేతి నియమం వర్తించదు.

ఆస్పత్రి నుంచి కారులో వచ్చేటప్పుడు ఒక చిన్న విషయం. మన దేశంలో ముందు ఎడమ సీటులో కూర్చుంటే బెల్టు సరిగ్గా ఎడమ భుజం మీదుగా, కొత్త గాయాన్ని ఒత్తుతూ వస్తుంది. డ్రైవర్ వెనక సీటులో కూర్చుంటే బెల్టు కుడి భుజం మీద పడుతుంది. బెల్టు మాత్రం మానొద్దు.

గాయం మానే తీరు చూసి బెంబేలెత్తేవాళ్లు ఎక్కువ. మూడో రోజుకు ఛాతీ మీద ఊదారంగు మచ్చ కనిపిస్తుంది. నాలుగైదు రోజుల్లో అది కిందికి జారి రొమ్ము వైపో చంక వైపో పాకి, ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి పోతుంది. లోపల కారిన కాస్త రక్తం కరిగిపోతున్న గుర్తు అది, భయపడనక్కర్లేదు. డబ్బా ఉన్నచోట మొత్తంగా ఉబ్బి, బిగుతుగా, రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం అది వేరే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. అలాంటి వాపును ఊళ్లో ఎవరిచేతనైనా సూదితో గుచ్చి లాగించకండి. ఆ సూది రంధ్రం నుంచే క్రిములు లోపలికి పోతాయి. డబ్బా దాకా క్రిములు చేరితే యాంటీబయాటిక్‌లతో తగ్గదు, చాలాసార్లు పేస్‌మేకర్‌నీ తీగల్నీ మొత్తం తీసేయవలసి వస్తుంది. అలాగని రక్తం పలచబడే మాత్రల్ని సొంతంగా ఆపడం అంతకన్నా ప్రమాదం.

డాక్టర్ చెప్పేదాకా, సాధారణంగా వారం పది రోజులు, గాయం తడవకూడదు. నడుము వరకు నీళ్లు పోసుకుని, పైన తడిబట్టతో తుడుచుకోవాలి. కుట్ల మీద పసుపు, వేప నూనె, పౌడరు ఏదీ వద్దు. కాపడం కూడా వద్దు. పథ్యం పేరుతో పప్పు పెడితే చీము పడుతుందని నెలపాటు చారన్నం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గాయం పూడటానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప నిరభ్యంతరంగా పెట్టండి. షుగర్ ఉంటే దాన్ని అదుపులో ఉంచడమే అసలు పథ్యం.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మర్నాటికి వాయిదా వేయకూడదు. ఆపరేషన్‌కు ముందు వచ్చినట్టే మళ్లీ కళ్లు తిరగడం, స్పృహ తప్పడం తీగ జారిందనడానికి సూచన కావచ్చు. ఆగకుండా ఎక్కిళ్లు రావడం, పొట్ట పైభాగం లయగా అదరడం కూడా ముఖ్యమే, విద్యుత్తు గుండెకు బదులు డయాఫ్రమ్‌ను తాకుతోందని దానర్థం. ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, జ్వరం, కుట్ల నుంచి రసి కారడం వీటికీ అదే నియమం, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

సెల్‌ఫోన్, మైక్రోవేవ్ గురించి అందరూ అడుగుతారు గానీ వాటి భయం అవసరానికి మించి ఉంది. ఫోన్ ఎడమ జేబులో పెట్టకుండా కుడి చెవి దగ్గర మాట్లాడితే చాలు. మైక్రోవేవ్‌తో ఇబ్బంది లేదు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలి. పల్స్ 60 కన్నా ఎక్కువ ఉందని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. పేస్‌మేకర్ తక్కువ కాకుండా కాపలా కాస్తుంది, గుండె తనంతట తాను వేగంగా కొట్టుకుంటే ఊరుకుంటుంది.

వోల్టేజీ సంగతి మళ్లీ చెబుతానన్నాను. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య జరిగే చెకప్‌లో డాక్టర్ ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి, తీగ పట్టు చూసి, తొలి రోజుల ఎక్కువ వోల్టేజీని సరిపడా స్థాయికి తగ్గిస్తారు. నొప్పి ఉండదు, నిమిషాల పని. బాగానే ఉంది కదా అని ఆ చెకప్‌కు వెళ్లనివారి పేస్‌మేకర్ అవసరం లేకపోయినా ఎక్కువ వోల్టేజీతో పనిచేస్తూ, 8 నుంచి 12 ఏళ్లు రావలసిన బ్యాటరీని ముందే ఖర్చు చేసేస్తుంది. బ్యాటరీ అయిపోతే డబ్బా మార్చడానికి మళ్లీ కోత తప్పదు. మీ ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ పెట్టి ఉంటే, ఆ చెకప్ తేదీని ఈ రోజే క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఆస్పత్రిలో ఇచ్చిన పేస్‌మేకర్ కార్డును తీసుకుని వాళ్లతో పాటు మీరూ వెళ్లండి.