ప్లగ్గు మారితే కరెంటు మారదు

విదేశ ప్రయాణం అనగానే మన ఇళ్ళల్లో ముందుగా గుర్తొచ్చేవి ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, మందుల చీటీ. పెట్టె తూకం వేసి, ఒక కిలో ఎక్కువైందని మళ్ళీ విప్పి, పచ్చడి తీయాలా చీర తీయాలా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. అన్నీ సర్దుకుని హమ్మయ్య అనుకున్నాక, విమానం ఎక్కే ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరికి తడుతుంది, "అక్కడ మన ప్లగ్గు పట్టదట గదా!" అని. అప్పుడు మా అంగడికి పరుగెత్తుకొస్తారు.

హోసూరులో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది. ముప్ఫై ఏళ్ళ పైమాటే. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు సీరియల్ బల్బులు, తోటలకు మోటారు స్టార్టర్లు అడిగేవారు. ఇప్పుడు వీధికి నాలుగిళ్ళ పిల్లలైనా విదేశాల్లో ఉన్నారు. కాన్పులకని, పురిటి పనులకని తల్లులు వెళ్తున్నారు. వాళ్ళకు తోడుగా తండ్రులూ వెళ్తున్నారు. "అన్నా, అమెరికా ప్లగ్గు ఒకటియ్యన్నా" అని చేయి చాస్తారు. నేను వెంటనే ఇవ్వను. "ఏ వస్తువుకి? దాని వెనక అంటించిన చీటీ చదివారా?" అని అడుగుతాను. వచ్చిన బేరం పోగొట్టుకుంటావని మా అబ్బాయి నన్ను ఆటపట్టిస్తుంటాడు. అయినా ఆ మాట అడగకుండా అడాప్టర్ అమ్మడం నాకు ఇష్టముండదు. ఎందుకో మన పత్రిక పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆకారం వేరు, వోల్టేజి వేరు

దేశం మారితే రెండు సంగతులు మారతాయి. ఒకటి గోడలో సాకెట్ ఆకారం. రెండోది అందులో వచ్చే కరెంటు వోల్టేజి. అడాప్టర్ మొదటిదాన్ని మాత్రమే సరిచేస్తుంది. మన గుండ్రటి పిన్నులను వాళ్ళ బల్లపరుపు రంధ్రాల్లో దూర్చడమే దాని పని. కుళాయి మూతికి పైపు తగిలించే నాజిల్ లాంటిదన్న మాట. నాజిల్ మార్చినంత మాత్రాన టాంకులో నీటి ఒత్తిడి మారుతుందా? ఇదీ అంతే.

మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపానులో ఇంకా తక్కువ, 100 వోల్టులే. పైగా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. ఒకే దేశంలో రెండు రకాలు!

ఇన్ని తేడాలు ఎందుకొచ్చాయని చాలామంది అడుగుతారు. కరెంటు అన్ని చోట్లకూ ఒక్కసారి రాలేదు. న్యూయార్కులో ఎడిసన్ విద్యుత్ కేంద్రం 1882లో మొదలైంది. మన వైపు శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 1902లో కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు 1905లో వెలిగాయి. ఎవరి యంత్రాలు వాళ్ళు, ఎవరి లెక్కలు వాళ్ళు పెట్టుకున్నారు. ఇంటి సామాను పెట్టెలో పెట్టుకుని సముద్రాలు దాటతారని ఆనాడు ఎవరూ అనుకోలేదు. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటిషువాళ్ళ పాత పద్ధతి. వాళ్ళు మాత్రం 1947లో కొత్త ప్రమాణం తెచ్చుకుని, క్రమంగా పలక పిన్నులకు మారిపోయారు. అత్తగారు వాడి వదిలేసిన పాత్ర మన వంటింట్లో నిలిచిపోయినట్టు, వాళ్ళ పాత ప్లగ్గు మన దగ్గర స్థిరపడింది. 1986లో ప్రపంచానికంతా ఒకే ప్లగ్గు ఉండాలని ఒక అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. దాన్ని ఆధారం చేసుకున్నది బ్రెజిల్, దక్షిణాఫ్రికా వంటి ఒకటి రెండు దేశాలే.

చీటీ ఏం చెబుతుంది?

ఏ వస్తువుకైనా వెనకో అడుగునో చిన్న అక్షరాలతో ఒక చీటీ ఉంటుంది. భూతద్దం పెట్టుకునైనా చదవండి. ‘ఇన్‌పుట్’ అన్నచోట 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే, ఆ వస్తువు ఏ దేశపు కరెంటుకైనా సర్దుకుంటుంది. సెల్‌ఫోన్, లాప్‌టాప్, కెమేరా చార్జర్లు దాదాపు అన్నీ ఇటువంటివే. వీటికి అడాప్టర్ ఒక్కటి చాలు.

230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ఆగి ఆలోచించాలి. మన మిక్సీ, తడి గ్రైండర్, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే కెటిల్ సాధారణంగా ఇలాంటివి. వెయ్యి వాట్ల కెటిల్‌ను అడాప్టర్ తగిలించి అమెరికాలో పెడితే పేలిపోదు, కానీ వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. వోల్టేజి సగమైతే శక్తి సగం కాదు, పావు అవుతుంది. లెక్క కడితే 270 వాట్లు. ఇక్కడ ఐదారు నిమిషాల్లో కాగే లీటరు నీళ్ళకు అక్కడ 20 నిమిషాలు దాటుతుంది.

ఇటు నుంచి అటు వెళ్తే సోమరితనం, అటు నుంచి ఇటు వస్తే మంట. పిల్లలు అమెరికాలో కొన్న 120 వోల్టుల, వెయ్యి వాట్ల జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని ఇక్కడ 230 వోల్టులకు తగిలిస్తే అది 3,600 వాట్లకు పైగా లాగబోతుంది. లోపలి తీగ అంత తట్టుకోదు. సెలవులకొచ్చిన ఒకమ్మాయి అలాంటిదే మా అంగడికి తెచ్చింది. ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. "అడాప్టర్ అమ్మినవాళ్ళు అన్నిటికీ పనికొస్తుందన్నారు అంకుల్" అంది. పట్టడం వేరు, పనికిరావడం వేరు తల్లీ అన్నాను.

మిక్సీ, గ్రైండర్ల సంగతి వేరే చెప్పాలి. మన మిక్సీ అమెరికాలో తిరగాలంటే 120 వోల్టులను 230కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్లది తీసుకోమంటాను, ఎందుకంటే మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది. అది బరువైన ఇనుప ముద్ద. తడి గ్రైండర్‌కు ఇంకో చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు. 60 హెర్ట్జ్ మీద ఆ మోటారు ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. ఇడ్లీ పిండి మీద మోజుతో గ్రైండర్ మోసుకెళ్ళే కంటే, అక్కడి కరెంటుకే తయారైన మన పద్ధతి మిక్సీలు, గ్రైండర్లు ఆ దేశంలోనే దొరుకుతున్నాయి. పిల్లల్ని కొనిపెట్టమనడం మేలు.

ఊపిరి సంగతి

వంటింటి సామాను పాడైతే డబ్బుతో పోతుంది. మందుల యంత్రం అలా కాదు. ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దాయన, భార్యతో కలిసి న్యూజెర్సీలో కొడుకు దగ్గరకు ఆరు నెలలకు బయల్దేరారు. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు ఆవిడ అడాప్టర్ కోసం వచ్చారు. దేనికమ్మా అంటే, "ఆయన నెబ్యులైజర్‌కి బాబూ. రాత్రిపూట ఆయాసం వస్తే అదే ఆధారం" అన్నారు. యంత్రం తెప్పించి చూశాను. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. అడాప్టర్ పెడితే ప్లగ్గు చక్కగా పడుతుంది. కానీ లోపలి పంపు సరిగా తిరగదు, మందు ఆవిరిలా పైకి రాదు. ఆ సంగతి తెలిసేది ఎప్పుడు? కొత్త దేశంలో, అర్ధరాత్రి, మనిషి ఊపిరికి కొట్టుకుంటున్నప్పుడు.

అడాప్టర్ ఇవ్వకుండా ఆవిణ్ణి డాక్టరు దగ్గరకు పంపాను. అన్ని మందులూ అన్ని రకాల నెబ్యులైజర్లలో పనికిరావు కాబట్టి ఆ నిర్ణయం డాక్టరుదే. ఆయన వాడే మందుకు సరిపోతుందని, చేతిలో పట్టే చిన్న బ్యాటరీ యంత్రం రాసిచ్చారు. దాని చార్జర్ మీద 100–240 అని ఉంది. ఇంట్లోనే పది రోజులు వాడి అలవాటు చేసుకోమన్నాను. నేను అమ్మింది చార్జర్‌కు ఒక చిన్న అడాప్టర్ మాత్రమే. తిరిగొచ్చాక ఆవిడ అంగడికొచ్చి, "వెళ్ళిన మూడో రాత్రే అవసరపడింది బాబూ" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

నిద్రలో ఊపిరికి వాడే సీపాప్ యంత్రాలు ఎక్కువగా 100–240 వోల్టులవే. అయినా సొంత కళ్ళతో చీటీ చూశాకే పెట్టెలో పెట్టండి.

ఏ దేశానికి ఏది?

ప్లగ్గు ఆకారాలకు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లున్నాయి. అడిగేటప్పుడు దేశం పేరుతోపాటు ఆ అక్షరం కూడా చెప్పండి.

అమెరికా, కెనడా: రెండు చదును పిన్నులు ఎ రకం, కింద గుండ్రటి ఎర్త్ పిన్ను కూడా ఉంటే బి రకం. జపానులో ఎక్కువగా రెండు రంధ్రాల ఎ రకమే.

బ్రిటన్, సింగపూర్, మలేషియా, దుబాయ్: మూడు పలక పిన్నుల జి రకం. వోల్టేజి మనకు దగ్గరే కాబట్టి మన సామాను చాలావరకు నడుస్తుంది. మారిషస్‌లో జి రకంతోపాటు రెండు గుండ్రటి పిన్నుల సి రకం కూడా ఉంది.

జర్మనీ ఎఫ్ రకం, ఫ్రాన్సు ఇ రకం. యానాం పాఠకుల్లో ఫ్రాన్సులో బంధువులున్నవారు గమనించాలి. అక్కడి సాకెట్ నుంచి ఒక ఎర్త్ పిన్ను బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, అది దూరడానికి ప్లగ్గులో రంధ్రం ఉండాలి. ఇ, ఎఫ్ రెండింటికీ పనికొచ్చే అడాప్టర్ దొరుకుతుంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిజీ: ఏటవాలు పిన్నుల ఐ రకం.

దక్షిణాఫ్రికా: అక్కడ ఎక్కువగా ఉన్న ఎం రకం సాకెట్ మన గీజరుకు వాడే పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్గు లాంటిదే. కొత్త కట్టడాల్లో ఎన్ రకం కూడా కనిపిస్తుంది.

కొనేటప్పుడు

మొదట పిన్నులకు ఒక అయస్కాంతం ఆనించి చూడండి. ఇత్తడి పిన్ను అంటుకోదు. అంటుకుంటే పైన పూత, లోపల ఇనుము. అలాంటివి వేడెక్కుతాయి, త్రుప్పు పడతాయి.

రెండోది, ఆంపియర్లు చూడండి. 6 ఆంపియర్లని ఉన్న అడాప్టర్ మన వోల్టేజి మీద 1,380 వాట్లు మోస్తుంది. అదే అమెరికాలో 720 వాట్లే. ఏమీ రాసి లేకపోతే అసలు కొనకండి.

మూడోది ఎర్త్. అన్ని దేశాలకూ పనికొస్తుందని అమ్మే జారుడు పిన్నుల అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. జి రకంలో పైపిన్ను ప్లాస్టిక్‌దైతే అది సాకెట్ మూత తెరవడానికే, ఎర్త్ కోసం కాదు. ఫోను చార్జర్‌కు ఫర్వాలేదు. మూడు పిన్నుల లోహపు వస్తువులకు మాత్రం ఎర్త్ ఉన్నదే కావాలి. బ్రిటన్‌కు తీసుకునేది లోపల ఫ్యూజు ఉన్నదై ఉండాలి.

నాలుగోది, ఇంట్లో ఉన్న సాదా ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి వెంట తీసుకెళ్ళండి. గోడకు ఒక్క అడాప్టర్ పెడితే నాలుగు చార్జర్లు నడుస్తాయి. చార్జర్లకే సుమా, కుక్కర్లకు కాదు. యూరప్ దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు యూఎస్‌బీ సి పోర్టు తప్పనిసరి చేశారు. ఫోను ఒక్కటే మీ సామానైతే, పిల్లల ఇంట్లోని చార్జరే సరిపోవచ్చు. ముందుగా ఫోనులో అడిగితే అడాప్టర్ ఖర్చూ మిగులుతుంది.

అక్కడికి చేరాక

అమెరికా సాకెట్లకు పక్కన స్విచ్చి ఉండదు. గోడంతా వెతకకండి. వంటింట్లో, స్నానాల గదిలో కొన్ని సాకెట్లకు రెండు చిన్న మీటలుంటాయి. కరెంటు రాకపోతే ‘రీసెట్’ అన్నది నొక్కి చూడండి. బ్రిటన్ స్నానాల గదిలో గడ్డం గీసే యంత్రానికి మాత్రమే సాకెట్ ఉంటుంది, అందులో వేరేవి పెట్టకూడదు. బరువైన అడాప్టర్ సాకెట్లో వేలాడుతూ వదులైతే తీసేయండి. పది నిమిషాల తర్వాత ముట్టుకుంటే కాలుతున్నా తీసేయండి. అడాప్టర్‌ను పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకుంటే దారిలో విమానాశ్రయంలోనూ పనికొస్తుంది. పవర్ బ్యాంకు ఎలాగూ చేతిసంచిలోనే ఉండాలి.

మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే ముందు రోజు దాకా ఆగకండి. పదిహేను రోజుల ముందే, తీసుకెళ్ళే కరెంటు వస్తువులన్నీ ఒక చాప మీద పరిచి, ఒక్కొక్క చీటీ మనవడితోనో మనవరాలితోనో చదివించండి. 100–240 ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు పెట్టండి. లేనివాటిని ఇంట్లోనే వదిలేయండి. పెట్టెలో అంత చోటు మిగిలితే ఇంకో ఆవకాయ పొట్లం పడుతుంది. మా అంగడికి ఒక బేరం తగ్గినా నాకేం చింత లేదు.