కప్పు మాట విన్న చెవులు

బొగ్గుబాయిలో మనిషికి చెవి ఎంత అవసరమో బయటివాళ్ళకు తెలియదు. షిఫ్టు మొదలవగానే, పనిచోటు భద్రత చూసే మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయిన రాయి డొల్లగా, బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి తెలిస్తేనే మనుషులను కప్పు కిందికి పంపుతాడు. పైన బరువు పెరిగితే కర్ర సపోర్టులు చిటపటమంటాయి. బొగ్గు టబ్బులను లాగే హాలర్ గంట, ఆ టబ్బుల రాక, పక్కవాడి కేక... క్యాప్ ల్యాంపు వెలుగు పడిన మేరకే కంటికి కనిపించే చోట మిగతాదంతా చెవే చూసుకోవాలి.

డ్రిల్లు మోత, లోడర్ యంత్రాల మోత, గాలి ఫ్యాన్ల హోరు ఏళ్ళ తరబడి తగిలితే ఆ చెవే నెమ్మదిగా దెబ్బతింటుంది. నాతో కలిసి వినికిడి లోపం మీద వీడియో కార్యక్రమం నడిపే కాక అలా దెబ్బతిన్నవాడే. రిటైరైన సర్దార్. నాకు చుట్టం కాదు, మా నాన్నతో బాయిలో పనిచేసినవాడు. "కప్పు మాట్లాడుతది బిడ్డా. దాని మాట ఇన్నంత కాలం బతికినం. ఇప్పుడు మనవరాలి మాటే ఇనబడ్తలేదు" అన్నాడొకనాడు మా ఇంటి అరుగు మీద కూర్చుని. ఈ మాట కెమెరా ముందు చెప్తావా కాకా అని అడిగాను. అట్లా మొదలైంది.

నా సంగతి వేరు. చిన్నప్పుడు చెవి కారేది. ఇంట్లో వెల్లుల్లి కాచిన నూనె పోసేవాళ్ళు. కర్ణభేరికి చిల్లు పడి ఎడమ చెవి దాదాపు పోయింది, కుడి చెవి సగం మిగిలింది. మన దేశంలో పిల్లల వినికిడి పోవడానికి చెవి కారడం పెద్ద కారణం. సమయానికి మందు వాడితే చాలావరకు ఆపగలిగినది. కారే చెవిలో నూనె పోయకూడదని ప్రతి తల్లికీ చెప్పాలన్నది నా పట్టుదల. కాకకు మోత, నాకు చీము. పోయిన దారులు వేరైనా, పెళ్ళి పందిట్లో నలుగురి మధ్య కూర్చుని ఏమీ అర్థం కాక తల ఊపడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఒక్కరే మాట్లాడితే సరిపోదా, ఇద్దరెందుకు అని చాలామంది అడిగారు. వినికిడి లోపం ఒక మనిషి చెవిలో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ బాధంతా ఇద్దరి మధ్య మాటలో ఉంటుంది. భార్య వంటింట్లోంచి పిలుస్తుంది, భర్త పలకడు, పట్టించుకోవడం లేదని ఆమె, గొణుగుతోందని ఆయన. ఒక్క మనిషి ఉపన్యాసంలో ఇది కనిపించదు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం, ముఖం మీద వెలుగు పడేలా. ఒకరి మాట అయ్యాకే ఇంకొకరు. వినబడకపోతే "మళ్ళీ చెప్పు" అంటాం, ఆ ముక్కను కత్తిరించం. చూసేవాళ్ళకు అదే పాఠం. మాటలన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో తెర కింద మేమే టైపు చేస్తాం. యంత్రం వేసే అక్షరాల్లో తప్పులొస్తాయి, తప్పు అక్షరం చూసి మోసపోయేది మావాళ్ళే.

ఇద్దరు మాట్లాడుకోవడమనేది మాకు రేడియో నేర్పింది. ఆకాశవాణి కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం సంభాషణలు మా కాలరీ ఇళ్ళల్లో ఎంత ఇష్టంగా వినేవాళ్ళో! కార్మికుడి ఇంటి సమస్యను ఉపన్యాసం లేకుండా మాటల్లో పెట్టేవాళ్ళు. కాక ఇప్పటికీ ఆ గొంతుల్ని తలుచుకుంటాడు. తర్వాత నన్ను కదిలించింది జహీరాబాద్ దగ్గర మాచునూరులోని సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న మొదలుపెట్టిన ఆ కమ్యూనిటీ రేడియోను నడిపింది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. తమ యాసలో, తమ విత్తనాల గురించి తామే మాట్లాడారు. మన బతుకు గురించి ఇంకెవరో వచ్చి చెప్పేదాకా ఆగనక్కర్లేదన్న ధైర్యం నాకు వాళ్ళ నుంచే వచ్చింది. టీవీ సంగతికొస్తే, బ్రిటన్‌లో బీబీసీ 1981లోనే 'సీ హియర్' పేరుతో వినికిడి లేనివారి కోసం కార్యక్రమం మొదలుపెట్టింది. మన దూరదర్శన్ 1987లో బధిరుల వార్తలు తెచ్చింది. ఆ వార్తలు చూసేదాకా చేతులతో ఇంత పెద్ద భాష ఉందని నాకు తెలియదు. అయితే మాలాంటివాళ్ళం, అంటే మాట వచ్చాక వినికిడి తగ్గినవాళ్ళం, ఆ భాషా రాక, ఈ మాటా అందక మధ్యలో ఉండిపోయాం. మా కార్యక్రమం ముఖ్యంగా ఇలాంటివాళ్ళ కోసమే.

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఒకటుంది. "శబ్దం ఇనబడ్తది, మాట అర్థం కాదు, ఎందుకు?" లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారపు కాక్లియాలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. పెద్ద మోత వాటిని చంపుతుంది. పోయినవి మళ్ళీ మొలవవు. మోత వల్ల వచ్చే లోపం ముందు 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. అచ్చులు బరువైన శబ్దాలు, అవి వినబడతాయి. క, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. కత్తి అంటే పత్తి అని వినబడుతుంది. గట్టిగా అరిచినా అచ్చులే పెరుగుతాయి, హల్లులు తేటపడవు. అందుకే అరవకండి, దగ్గరికి వచ్చి, ముఖం చూపించి, నిదానంగా చెప్పండి. కాక భార్య మేం ఇది చెప్పిన ఎపిసోడ్ చూశాక వంటింట్లోంచి పిలవడం మానేసింది. వచ్చి భుజం తట్టి మాట్లాడుతుంది.

మన దగ్గర, ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లోనే మొదలైంది. ఇన్ని తరాలుగా బొగ్గు దుమ్ము గురించి, ఊపిరితిత్తుల గురించి మాట్లాడుకున్నాం. మోత గురించి మాట్లాడుకున్నది తక్కువ. గని పనిలో 85 డెసిబెల్స్ దాటితే జాగ్రత్తపడాలి, ఎనిమిది గంటల షిఫ్టుకు 90 దాటకూడదు అన్నది నియమం. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. మూడు పెరిగితే చెవి మీద పడే శబ్దశక్తి రెట్టింపవుతుంది. మోత వల్ల వచ్చే వినికిడి లోపాన్ని గనుల చట్టం కింద వృత్తి వ్యాధిగా 2011లో ప్రకటించారు. ఈ సంగతి తెలియని కార్మికులు మా దగ్గరికి ఇంకా వస్తూనే ఉన్నారు. తెలిసినా బయటపెట్టనివాళ్ళున్నారు. చెవి బాగా లేదంటే పైపనికి వేస్తారని, అండర్‌గ్రౌండ్ అలవెన్స్ పోతుందని భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. నెల జీతం మీద ఇల్లు నడిచేవాడికి అది నిజమైన భయమే. దాచినకొద్దీ చెవి ఇంకా పోతుందని మాత్రం మేం మళ్ళీ మళ్ళీ చెప్తాం. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ వెనక్కి వస్తూ కొట్టే హారన్ వినబడని మనిషికి ప్రాణాపాయమే.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మందగించినవారు, 70కి చేరితే బధిరులు. లోపం 60కి లోపల ఉన్నవాళ్ళు ఆ లెక్కలోకి రారు. అలాగని వాళ్ళ కష్టం లేనట్టు కాదు. మాకు రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆ గీతకు ఇవతలే ఉన్నారు.

హియరింగ్ ఎయిడ్ గురించి ఒక మాట. పెట్టుకున్న రోజే అంతా సర్దుకోదు. ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు ఒక్కసారి మీద పడతాయి. చాలామంది ఆ వారంలోనే తీసి పెట్టెలో పెట్టేస్తారు. రోజూ కాసేపు, ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్క మనిషితో మాట్లాడుతూ అలవాటు చేసుకోవాలి. మళ్ళీ వెళ్ళి ఆడియాలజిస్టుతో మిషన్ సరిచేయించుకోవాలి. కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, చెవికి మిషన్ పెడితే మాత్రం చెవిటివాడంటారు. ఆ మాటకు భయపడి ఇంట్లోవాళ్ళ మాటలు పోగొట్టుకోవద్దు.

మీ ఇంట్లో టీవీ సౌండు రోజురోజుకూ పెంచుతున్న పెద్దాయన ఉంటే, "ఏంటీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగే అమ్మ ఉంటే, చెవి కారుతున్న పిల్లవాడు ఉంటే, కసురుకోకుండా ఈ నెలలోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వినికిడి పరీక్ష చేయించి ఆడియోగ్రామ్ తీయించండి. డాక్టరు గదిలోకి మీరూ వెంట వెళ్ళండి, ఆయన చెప్పేది వాళ్ళకు వినబడకపోవచ్చు.