మడత సైకిలు – వెనుక చక్రము

రాయలసీమ త్రోవలలో సైకిలు నడపువారికి ముల్లుతోడి పరిచయము తప్పనిది. కర్నూలు, కడప జిల్లాలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. పొలముల గట్లపైనను, బాటల ప్రక్కలను పల్లేరు తీగలు నేలను అంటి ప్రాకుచుండును. పల్లేరు కాయ ఎండి పగిలినపుడు దాని ముక్క ఏ వైపుగా పడినను ఒక ముల్లు పైకి నిలిచియే యుండును.

ఇక సర్కారు తుమ్మ సంగతి. మన పల్లెలలో కంపచెట్టు అని పిలువబడు ఈ చెట్టు మన దేశపుది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. 1876లో మద్రాసు రాజధానిలోని అటవీశాఖాధికారి బెడ్డోము దొర, మెట్ట ప్రాంతములకు ఇది తగిన చెట్టని తలచి, దీని విత్తనములను తెప్పింపుమని ప్రభుత్వమును కోరెను. మన దేశమున దీనిని మొట్టమొదట నాటిన తావులలో కడప జిల్లాలోని కమలాపురము ఒకటి. నేడు ఇది చెరువులను, బంజరులను, బాటల అంచులను ఆక్రమించి యున్నది.

ఈ చెట్టు మన సీమకు వచ్చిన కొలది యేండ్లకే, 1888లో, బెల్‌ఫాస్టు నగరమునందలి డన్లప్ అను పశువైద్యుడు గాలి నింపిన రబ్బరు టైరుకు పేటెంటు పొందెను. అంతకుముందు సైకిలు చక్రములకు గట్టి రబ్బరు పట్టీలు ఉండెడివి. వానికి ముల్లు భయము లేదు. కాని ఎగుడుదిగుడు బాటపై ఒడలు హూనమయ్యెడిది. గాలి టైరు ప్రయాణమును సుఖవంతము చేసినది. దానితోపాటు పంక్చరును కూడ తెచ్చినది.

ఇటీవల పట్టణములలో కొందరు మడత సైకిళ్లను వాడుచున్నారు. నడుమ నున్న కీలు వద్ద మడిచి దీనిని బస్సులోనో, రైలులోనో తీసికొని పోవచ్చును. ఇది చిన్నదిగా మడతపడుటకై దీని చక్రములు 16 లేక 20 అంగుళముల కొలతలో నుండును. మన పెద్ద సైకిలు చక్రము 28 అంగుళములు. ఒక కిలోమీటరు దూరము పోవుటకు పెద్ద చక్రము సుమారు 450 మారులు తిరుగగా, 20 అంగుళముల చక్రము సుమారు 625 మారులు తిరుగవలెను. అనగా చిన్న టైరులోని ప్రతి భాగమును నేలను ఎక్కువ మారులు తాకును, త్వరగా అరుగును. చిన్న చక్రము గుంటలో లోతుగా దిగును గనుక దెబ్బయు గట్టిగా తగులును.

రెండు చక్రములలో వెనుకదానికే కష్టమెక్కువ. నడుపువాని బరువులో ఎక్కువ భాగము దానిమీదనే పడును. సామాను పెట్టు క్యారియరు దానిపైననే యుండును. గొలుసు లాగుటయు దానినే. కనుక వెనుక టైరు ముందుదానికంటె త్వరగా అరుగును. అరిగిన టైరులో ముల్లు సులభముగా దిగును.

ఇప్పుడు ఒక బాలుని ఊహింపుడు. అతడు కర్నూలు–కడప కాలువ గట్టు వెంట పరీక్షకు పోవుచున్నాడు. నడిత్రోవలో వెనుక చక్రము గాలి పోయినది. చేరువలో దుకాణము లేదు. ఎక్కి త్రొక్కినచో రిమ్ము ట్యూబును నలిపివేయును. అతని సంచిలో రెండు టైరు లీవర్లు, ఉప్పుకాగితము, సొల్యూషను, రబ్బరు ముక్కలు, చిన్న పంపు ఉన్నచో అరగంటలో బయలుదేరగలడు.

మొదట అతడు వాల్వును చూడవలెను. అక్కడ ఉమ్మి తడిచేసినపుడు బుడగలు వచ్చినచో దోషము వాల్వుదే, టైరు విప్పనక్కరలేదు. వాల్వు మంచిదైనచో టైరు ఒక అంచును లీవర్లతో రిమ్మునుండి తప్పించి, ట్యూబును వెలుపలికి లాగవలెను. చక్రమును ఊడదీయకయే ఈ పని చేయవచ్చును. మన సైకిలు షాపులవారు చేయునది ఇట్లే. ట్యూబులో కొంచెము గాలి కొట్టి నీటిలో ముంచినచో రంధ్రమున్న చోట బుడగలు లేచును. నీరు దొరకనిచోట ట్యూబును తడిపెదవికి దగ్గరగా త్రిప్పవలెను. గాలి పోవుచోట పెదవికి చల్లగా తగులును.

రంధ్రము దొరకినంతనే ముక్క అంటించుటకు తొందరపడరాదు. ఆ రంధ్రము ఎచట నున్నదో చూడవలెను. ట్యూబు వెలుపలి వైపున, అనగా నేల తట్టున, ఒక సన్నని రంధ్రమున్నచో ముల్లో, మేకో గ్రుచ్చుకొన్నదని తెలియును. పాము కాటువలె రెండు రంధ్రములు ప్రక్కప్రక్కన నున్నచో ముల్లు కారణము కాదు. గాలి చాలక, రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగినది. లోపలి వైపున, అనగా రిమ్ము తట్టున రంధ్రమున్నచో స్పోకు మొన పైకి పొడుచుకొని వచ్చియుండును, లేదా రిమ్ముపై చుట్టిన పట్టీ జరిగియుండును.

కారణము ముల్లైనచో దానిని వెదకి తీయవలెను. ట్యూబును టైరు ప్రక్కన, వాల్వు ఎచట నుండెనో అచటనే నిలిపి చూచినచో, రంధ్రమునకు ఎదురుగా టైరులో ముల్లు కనబడును. కనబడనిచో టైరు లోపల ఒక గుడ్డను రాచి చూడవలెను. దాగిన ముల్లు గుడ్డను పట్టుకొనును. వట్టి వ్రేలితో తడవినచో వ్రేలికి గాయమగును. ముల్లు తీయక ముక్క అంటించినవాడు పది గజములు పోవకముందే మరల దిగవలసి వచ్చును.

తరువాత రంధ్రము చుట్టును ఉప్పుకాగితముతో గరుకుగా రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషనును పలుచగా పూయవలెను. పూసిన వెంటనే ముక్కను పెట్టరాదు. నాలుగైదు నిమిషములు ఆరనిచ్చి, తడి పోయిన తరువాత ముక్కను పెట్టి గట్టిగా ఒత్తవలెను. సొల్యూషనులోని ద్రవము ఆవిరి కాకున్నచో ముక్క ఊడిపోవును.

ట్యూబును లోపల పెట్టి, టైరు అంచును బొటనవ్రేళ్లతో ఎక్కించుట మేలు. లీవరును తొందరగా వాడినచో అదియే ట్యూబును పొడుచును. గాలి ఎంత పట్టవలెనో టైరు ప్రక్కన అచ్చువేసి యుండును, అంతే కొట్టవలెను.

క్రొత్త టైరు కొనునపుడును అచటి అంకెలను చూడవలెను. 20 అంగుళములని చెప్పబడు టైర్లలో 406, 451 మిల్లీమీటర్ల వేర్వేరు కొలతలు కలవు. ఒకదాని రిమ్ముకు మరియొకటి పట్టదు. కనుక మడత సైకిలు గలవారు దూరము పోవునపుడు సరియైన కొలత ట్యూబు నొకదానిని వెంట ఉంచుకొనుట మంచిది.

టైరు మార్చుటకు చక్రమును విప్పవలసివచ్చినచో, గొలుసును చిన్న పండ్ల చక్రము మీదికి తెచ్చి, ఇరుసు నట్లను వదులు చేయవలెను. మరల బిగించునపుడు చక్రము నడుమ నుండునట్లు చూచి, రెండు నట్లను సమముగా బిగించి, బ్రేకు పరీక్షించిన పిమ్మటనే ఎక్కవలెను.

చక్రము వంకరగా తిరుగుచున్నచో స్పోకులను చూడవలెను. వెనుక చక్రమున గొలుసు వైపు స్పోకులు ఎక్కువ బిగువుగా నుండును. ఒకటి తెగినచో దాని భారము ప్రక్కవానిపై పడును. ఆలస్యము చేసినచో అవియు తెగును. రిమ్ము కుడివైపునకు ఒరిగినచో, ఆ చోట ఎడమవైపు స్పోకులను పావు చుట్టు చొప్పున మాత్రమే బిగింపవలెను.

విద్యార్థులారా! ఈ పనులలో చేతికి అలవడనిది ఏదియు లేదు. సెలవు దినమున మీ సైకిలు టైరును ఒకమారు విప్పి, మరల ఎక్కించి చూడుడు. మన సీమ బాటలలో ముండ్లు రేపే అంతరింపవు. ముల్లు ఎక్కడ దిగినదో కనుగొని, దానిని తీసి, ఆపైన ముక్క వేయుట నేర్చినవాడు సగము త్రోవలో నిలిచిపోడు.